ఆయిల్ లేని బండికి ఆయిల్ ఛేంజి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరువి కదా, ఎలక్ట్రిక్ కార్ల భవిష్యత్తు గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే, భవిష్యత్తు గురించి నాకు తెలిసింది తక్కువని తేలింది. ఎలక్ట్రిక్ కారు దగ్గర నేను బోల్తా పడిన వైనం మాత్రం బాగా తెలుసు. అదే చెబుతాను. మా లెక్కల మాస్టారు ఎదురుగా కూర్చుని ఉన్నారు కాబట్టి అంకెల్లో తప్పు వస్తే ఇక్కడే నిలబెట్టి దిద్దుతారనే భయం ఇప్పటికీ ఉంది.

నేను ఉండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన. ముప్పై ఏళ్ళుగా మోటార్లతో, వాటిని నడిపే కంట్రోలర్లతో నా ఉద్యోగం. 2024 ఆగస్టు నెలాఖరున ఒక శనివారం మా ఆవిడా నేనూ ఎలక్ట్రిక్ కారు లీజుకు తీసుకుందామని షోరూముకు వెళ్ళాం.

లీజు అంటే అద్దె. మాది 36 నెలల లీజు. బండి ధరలోంచి మూడేళ్ళ తర్వాత దానికి మిగిలే విలువ తీసేస్తారు. ఆ తరుగును 36తో భాగించి, దానికి వడ్డీ లాంటి అద్దె ఛార్జీ కలిపితే నెల కిస్తీ వస్తుంది. గడువు తీరాక బండి తిరిగి ఇచ్చేయడమే. కొనకుండా లీజుకు ఎందుకు పోయామంటే, అప్పట్లో ఎలక్ట్రిక్ కార్లకు ప్రభుత్వం 7,500 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చేది. కొనేవాళ్ళకు దానికి సవాలక్ష షరతులు: ఆదాయం ఇంత దాటకూడదు, బండి ఉత్తర అమెరికాలోనే తయారై ఉండాలి, ఇలాగ. లీజుకు ఇచ్చే కంపెనీకి ఆ షరతులు చాలావరకు ఉండేవి కావు. అది రాయితీ తీసుకుని మనకు కిస్తీలో తగ్గించేది. 2025 సెప్టెంబరు 30తో ఆ ముచ్చట తీరిపోయింది. ఆ రోజుల్లో మాత్రం మా వీధిలో ఎవరింటి ముందు చూసినా లీజు బండే.

మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాం. బండి నచ్చింది, ధర కుదిరింది. మా పాత కారుకు వెల కట్టడానికని తాళాలు తీసుకెళ్ళారు. ఆ తాళాలు మళ్ళీ మా చేతికి రాలేదు. అయిదయింది, ఆరయింది. కాఫీ మెషీను, బిస్కెట్ పొట్లాలు. మా ఆవిడకు ఆకలికి తలనొప్పి మొదలైంది. ఆరున్నరకు "ఫైనాన్స్ ఆఫీసులో సంతకాలు పెడితే అయిపోతుంది" అని లోపలికి పిలిచారు.

లోపల ఉన్న అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. నా పేరు చూడగానే తెలుగులోకి దిగాడు. "అంకుల్, మాది నరసరావుపేట దగ్గర. పన్నెండేళ్ళప్పుడు అమ్మా నాన్నలతో వచ్చేశాం" అన్నాడు. డాలస్‌లో తెలుగు మాట కొత్తేమీ కాదు. కానీ నాలుగున్నర గంటలు ఇంగ్లీషులో ధర మాట్లాడి అలిసిపోయి ఉన్నవాడికి, "ఆంటీ, మంచినీళ్ళు తాగండి" అనే మాట ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. నా నడుము కుర్చీకి జారగిలబడింది. అక్కడే సగం పని అయిపోయింది.

వాళ్ళ దగ్గర కాగితాలు ఉండవు. బల్లే ఒక పెద్ద తెర. పేజీలు దాని మీద క్యారమ్ స్ట్రైకర్‌లా జారుతూ వస్తాయి, మనం ఒక పుల్లతో సంతకం గీస్తూ పోవాలి. ఏడో పేజీయో ఎనిమిదో పేజీయో వచ్చినప్పుడు అబ్బాయి, "ఇది మెయింటెనెన్స్ ప్లాన్ అంకుల్. మూడేళ్ళు మీరు సర్వీసు మాటే తలుచుకోనక్కర్లేదు. నెలకు 43 డాలర్లు, అంతే" అన్నాడు.

ఎలక్ట్రిక్ బండికి సర్వీసు ఏముంటుంది బాబూ అన్నాను. అన్నాను, అంత మాత్రం నాకు దక్కింది. దానికి అతను మూడు మాటలు చెప్పాడు. ఒకటి, బండి తిరిగి ఇచ్చేటప్పుడు లీజు కంపెనీ సర్వీసు రికార్డులు అడుగుతుంది, లేకపోతే జరిమానా. రెండు, సర్వీసు మా దగ్గర చేయించకపోతే వారంటీ పోతుంది. మూడు, మీ అప్రూవల్ ఈ ప్యాకేజీతో కలిపే వచ్చింది, ఇప్పుడు తీసేస్తే మళ్ళీ మొదటి నుంచి పంపాలి, ఈ రాత్రికి తేలకపోవచ్చు. మూడో మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించాడు. "మీరు మా నాన్నగారి లాంటివారు, అందుకే చెబుతున్నా" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను సంతకం పెట్టాను.

మరునాడు రాత్రి భోజనాలయ్యాక వాళ్ళిచ్చిన పెన్‌డ్రైవ్ తెరిచి ఆ ప్లాన్ చదివాను. ధర 1,440 డాలర్లు. మూడేళ్ళలో ఆరు సర్వీసులు. ఒక్కో సర్వీసులో చేసేవి: టైర్ల స్థానాలు మార్చడం, బండి చుట్టూ తిరిగి చూడడం, వైపర్లు, లోపలి గాలి ఫిల్టరు. వీటన్నిటికంటే ముందు, మొట్టమొదటి వరసలో, "ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్పిడి, వర్తించే చోట."

నేను మోటార్ల ఇంజనీరుని. నా కారులో ఇంజనే లేదు. ఆయిల్ ఫిల్టరు లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు, టైమింగ్ బెల్టు లేదు, పొగగొట్టం లేదు. గేర్ల పెట్టెలో కాస్త ఆయిల్ ఉంటుంది కానీ మూడేళ్ళలో దాని మూత తీసే పని ఎవరికీ ఉండదు. బ్రేకులు కూడా అంతగా అరగవు. అది ఎందుకో ఈ బడి పిల్లలకు చెప్పక్కర్లేదు. మనం సైకిలు మీద వచ్చే రోజుల్లో డైనమో టైరుకు ఆనించగానే తొక్కుడు బరువెక్కేది గుర్తుందా? అదే సంగతి. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మోటారు డైనమో అయిపోతుంది. బండి వేగం తగ్గుతుంది, ఆ శక్తి బ్యాటరీకి తిరిగి వెళుతుంది. బ్రేకు మీద కాలు వేసే అవసరమే చాలాసార్లు రాదు. ఒక్క టైర్లు మాత్రం, బండి బరువెక్కువ కావడంతో, పెట్రోలు కారు టైర్ల కన్నా త్వరగా అరుగుతాయి. ఈ ప్లాన్‌లో కొత్త టైర్లు లేవు!

కాగితం తీసుకుని లెక్క వేశాను. తయారీ కంపెనీ పుస్తకం ప్రకారం 7,500 మైళ్ళకొకసారి టైర్లు మార్చాలి. నా లీజు 30,000 మైళ్ళు, అంటే నాలుగుసార్లు. మా ఇంటి దగ్గర టైర్ల దుకాణంలో ఒక్కోసారికి 30 డాలర్లు, మొత్తం 120. గాలి ఫిల్టరు 25, నేనే వేసుకుంటాను. రెండు జతల వైపర్లు 80. బ్రేకు ద్రవం ఒకసారి మారిస్తే 150. వెరసి 375. దీనికి నేను పెట్టిన సంతకం 1,440కి.

అది కూడా కాదు. ఆ 1,440 బండి ధరలో కలిసిపోయింది. మూడేళ్ళ తర్వాత బండికి విలువ మిగులుతుంది గానీ మెయింటెనెన్స్ ప్లానుకు మిగలదు కదా, అందుకని మొత్తం 36తో భాగించాలి. నెలకు 40. దాని మీద అద్దె ఛార్జీ. లీజుల్లో వడ్డీని శాతంలో చెప్పరు, "మనీ ఫ్యాక్టర్" అని ఒక దశాంశం చెబుతారు. నాది 0.0025. దాన్ని 2400తో గుణిస్తే మనకు తెలిసిన వార్షిక వడ్డీ వస్తుంది, అంటే 6 శాతం. 1,440కి నెలకు 3 డాలర్ల 60 సెంట్లు. మొత్తం 43.60. అబ్బాయి చెప్పిన అంకె సరైనదే. దాన్ని 36తో గుణించి చెప్పలేదు, నేను గుణించమని అడగలేదు. 1,569 డాలర్ల 60 సెంట్లు.

మాస్టారూ, మీరు జామెట్రీలో సిద్ధాంతం రాయించేటప్పుడు దత్తాంశము, సారాంశము విడివిడిగా రాయకపోతే ఉపపత్తి ఎంత బాగున్నా సున్నా వేసేవారు. లీజు కాగితంలో దత్తాంశం అంతా ఒకే వరసలో ముద్దగా ఉంటుంది. బండి ధర, ప్లాన్లు, ఇతర ఛార్జీలు అన్నీ కలిపి ఒకే అంకె. అయితే 1976 నాటి వినియోగదారుల లీజు చట్టం కింద వచ్చిన నమూనా పత్రంలో ఆ అంకె పక్కనే ఒక చిన్న గడి ఉంటుంది. ఈ మొత్తంలో ఏమేం ఉన్నాయో విడమరిచి కావాలంటే ఈ గడిలో గుర్తు పెట్టండి అని. అడిగితే ఇవ్వాల్సిందే, అది చట్టం. నా కాగితంలోనూ ఆ గడి ఉంది. ఖాళీగా ఉంది. తెర మీద జారిపోయిన పేజీల్లో నేను దాన్ని చూడనేలేదు.

మిగతా రెండు మాటల సంగతి కూడా ఆ రాత్రే తేల్చుకున్నాను. బండిని కంపెనీ చెప్పిన పద్ధతిలో చూసుకోవాలని లీజులో ఉంది, నిజమే. దానికి రసీదులు దాచుకుంటే చాలు, ప్లాను అక్కర్లేదు. మా దగ్గర చేయించకపోతే వారంటీ పోతుందన్న మాట చెల్లదు. సర్వీసు ఫలానా చోటే చేయించాలని, డబ్బు తీసుకుని చేసే పనికి, వారంటీని ముడిపెట్టకూడదని మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. అది 1975లో వచ్చింది. మన బడి పెట్టిన సంవత్సరమే. దానికి కూడా ఇది స్వర్ణోత్సవమే, ఎవరూ చేసినట్టు లేరు.

ఇంతకీ నేను ఎందుకు సంతకం పెట్టాను? తెలియక కాదు. ఆ గదిలో బండి లోపల ఏముందో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. దీని గురించి ఆలోచిస్తే ప్రతిసారీ మా నాన్న గుర్తుకొస్తాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాన్నతో ఎరువుల కొట్టుకు వెళ్ళాను. నాట్లు అయిపోయాయి, యూరియా కొరతగా ఉంది. కొట్టాయన రెండు కట్టలు ఇస్తానన్నాడు, కానీ నాలుగు జింకు ప్యాకెట్లు కూడా తీసుకోవాలన్నాడు. లింకు అంటారు దాన్ని, ఇక్కడున్న రైతులకు నేను చెప్పేదేముంది, మొన్నటి ఖరీఫ్‌లో కూడా యూరియా కోసం బారులు తీరారు. నేను అప్పుడే సైన్సులో సూక్ష్మ పోషకాల పాఠం చదివాను. "నాన్నా, మన పొలానికి జింకు లోటు ఉందా?" అన్నాను, కొట్టాయన వినేలాగే. నాన్న నా భుజం నొక్కాడు. డబ్బు కట్టి బయటికొచ్చాక, "అడిగితే యూరియా రాదురా" అన్నాడు. జింకు చెడ్డదని కాదు, లోటున్న పొలానికి అది మందే. మా పొలానికి ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఆ ప్యాకెట్లు అటక మీద చాలా కాలం ఉన్నాయి. నేను ఇంజనీరింగుకి వెళ్ళేటప్పుడు ట్రంకు పెట్టె దింపితే వాటిలో ఒకటి పగిలి నా బట్టల మీద పడింది.

నాన్నకు వేరే దారి లేదు. పొలం ఎండుతుంది. నాకు ఏ కొరత ఉంది? ఆ షోరూము బయట అవే కార్లు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి. లేచి వెళ్ళిపోతే పక్క వీధిలో ఇంకో డీలరు ఉన్నాడు. అయినా నేను నాన్న నొక్కిన భుజంతోనే కూర్చున్నాను.

అమెరికాలో ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదనుకోకండి. 2023 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. కొనేవాడికి ఏ ప్రయోజనమూ లేని వాటిని అంటగట్టి డబ్బు తీసుకోకూడదని. వాళ్ళిచ్చిన ఉదాహరణల్లో ఒకటేమిటో తెలుసా? ఎలక్ట్రిక్ కారుకు ఆయిల్ ఛేంజి ప్లాను అమ్మడం. అది 2024 జూలై 30న అమల్లోకి రావాలి. దేశవ్యాప్త డీలర్ల సంఘమూ, మా టెక్సాస్ డీలర్ల సంఘమూ కోర్టుకు వెళ్ళడంతో ఆగింది. నేను సంతకం పెట్టింది ఆగస్టులో. 2025 జనవరి 27న అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. నిబంధన తప్పని కాదు, ముందస్తు నోటీసు ఇవ్వాల్సిన పద్ధతిలో ఇవ్వలేదని. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చు అనే మాట కూడా మనవాళ్ళలో బాగా తిరుగుతుంటుంది. షోరూములో కూర్చుని సంతకం పెట్టిన బండికి ఆ కేంద్ర నిబంధన వర్తించదు.

నాకు దొరికిన ఊరట ఆ ప్లాన్ కాగితంలోనే ఉంది. 30 రోజుల్లో రద్దు చేసుకుంటే మొత్తం సొమ్ము వాపసు, తర్వాతైతే గడిచిన నెలలకు కోసుకుని మిగిలింది. సోమవారం పొద్దున్నే అబ్బాయికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంకుల్, మీరు రద్దు చేస్తే నాకు వచ్చిన కమిషన్ వెనక్కి లాగేస్తారు. నెలాఖరు. ఒక్కో బండికి ఎన్ని ప్లాన్లు అమ్మామో బోర్డు మీద రాస్తారు మాకు" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేను రెండు రోజులు ఆగిపోయాను. పద్నాలుగు వందల డాలర్లు నాకు పెద్ద లెక్క కాదు, ఆ పిల్లాడికి ఉద్యోగం అని ఒక మాట, వాడు నాతో అబద్ధం చెప్పాడు కదా అని ఇంకో మాట. మా ఆవిడే తేల్చింది. "వాడికి డబ్బివ్వాలని ఉంటే చేతికివ్వండి, లేదా భోజనానికి పిలవండి. కంపెనీకి ఇచ్చి వాడికి ఇచ్చామనుకోవడం ఏమిటండీ?" అంది. బుధవారం రద్దు పత్రం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. వినాయక చవితికి రమ్మని వాడికి మెసేజీ పెట్టాను.

వాపసు కథ కూడా విన్నాక వదిలేస్తాను. డబ్బు నాకు రాలేదు, లీజు కంపెనీకి వెళ్ళింది. బండి వాళ్ళది కదా. నెల కిస్తీ ఒక్క సెంటు తగ్గలేదు. మూడు నెలలు, నాలుగు ఉత్తరాలు అయ్యాక ఆ 1,440ని ముందు కట్టిన కిస్తీలుగా జమ వేశారు. దాని మీది అద్దె ఛార్జీ, నెలకు 3.60 చొప్పున, 36 నెలలకు 129 డాలర్ల 60 సెంట్లు మాత్రం ఒప్పందంలో స్థిరపడిపోయింది, అది రాదన్నారు. స్పెషల్ ఫీజు కట్టాననుకున్నాను.

అబ్బాయి చవితికి వచ్చాడు. ఆలస్యంగా, చేతిలో మిఠాయి డబ్బాతో, గుమ్మం దగ్గరే నిలబడి. ఉండ్రాళ్ళు, పులిహోర తిన్నాక మెల్లగా నోరు విప్పాడు. అప్రూవల్ గురించి తను చెప్పింది నిజం కాదని తనే అన్నాడు. అలా చెప్పమని ఎవరూ కాగితం మీద రాసివ్వరట. బోర్డు మీద పై వరసలో ఉన్నవాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో చూసి నేర్చుకుంటారట. నేను ఆ గడి సంగతి అడిగాను. "నేను చేరాక దాంట్లో టిక్కు పెట్టినవాళ్ళని ఒక్కరిని కూడా చూడలేదు అంకుల్. పెడితే ఏం చెయ్యాలో మా మేనేజరుని అడగాలి" అన్నాడు. వాడి మీద కోపం అక్కడితో పోయింది. వాడు నాకు అమ్మినది మాత్రం ఆ మర్నాడు ఇంకొకరికి అమ్మే ఉంటాడు.

నిన్న రాత్రి ఈ సంగతి మా బ్యాచ్‌లో వాహనాల డీలర్‌షిప్ నడిపే మిత్రుడితో అన్నాను. వాడి పేరు చెప్పను, మూడో వరసలో నవ్వుతున్నాడు. "ఒరేయ్, బండి మీద మాకు మిగిలేది తక్కువ. ఇన్సూరెన్సు, యాక్సెసరీల మీదే కుర్రాళ్ళ జీతాలు వస్తాయి" అన్నాడు. వాడి బాధ వాడిది, వాడు అబద్ధం చెప్పడం లేదు. ఇక్కడ లీజులు ఇంకా తక్కువే గానీ, "ఇన్సూరెన్సు మా దగ్గర తీసుకుంటేనే డెలివరీ" అనే మాట మీలో చాలామంది విన్నారు. ఇన్సూరెన్సు మనకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. డీలరు ధరా, బయటి ధరా పక్కపక్కన పెట్టుకుని అడిగితే అదే డీలరు తగ్గించడం కూడా జరుగుతుంది. ఏరా, తగ్గిస్తావా లేదా? తగ్గిస్తానంటున్నాడు. మాస్టార్లు సాక్షి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మొదటి కారు తీసుకునేటప్పుడు వాళ్ళు మీకు వీడియో కాల్‌లో బండి రంగు చూపిస్తారు. ఆ కాల్‌లోనే, సంతకానికి ముందు రోజు కాగితాలు ఈమెయిల్‌లో తెప్పించుకున్నావా, ఆ గడిలో గుర్తు పెట్టావా అని అడగండి. లోపల కూర్చున్నాక అడగడం నావల్ల కాలేదు, వాళ్ళ వల్ల అవుతుందని చెప్పలేను. పాత కారు తాళాలు మాత్రం, వెల కట్టడం అవగానే తిరిగి జేబులో వేసుకోమనండి.

నా లీజు కాగితం, ఆ గడి ఉన్న పేజీ, రద్దు పత్రం నకళ్ళు తెచ్చాను. మాస్టారు చూస్తానన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, మామిడి చెట్టు కింద బల్ల మీద పెడతాను, కావాల్సినవాళ్ళు ఫోటో తీసుకోండి.